వైజాగ్ నుంచి పోస్టు పార్సిల్: కట్టడం దగ్గర్నుంచి చేతికందేదాకా

ఎండలు ముదిరి కొత్తావకాయ జాడీలకెక్కిందంటే విశాఖ ఇళ్ళలో ఒకటే చర్చ. బెంగళూరు హాస్టల్లో ఉన్న పిల్లాడికి, ఢిల్లీలో కాపురమున్న ఆడపడుచుకి ఇది పంపేదెలా? వీధి చివర ప్రైవేటు కొరియర్ ఉంటుంది, నిజమే. కానీ వెళ్ళాల్సింది పాడేరు దాటి ఏ కొండపల్లెకో, ఒడిశా లోపలి గ్రామానికో అయితే, ఆ గుమ్మం దాకా నడిచి వెళ్ళేది పోస్ట్‌మ్యానే.

"పోస్టులో వేస్తే ఎక్కడ తేలుతుందో దేవుడికెరుక" అనే మాట ఇప్పటికీ వింటుంటాను. నేను దాన్ని ఒప్పుకోను. స్పీడ్ పోస్టు, పార్సిల్ కింద బుక్ చేసిన ప్రతిదానికీ ఒక నంబరుంటుంది, దారిలో మజిలీ మజిలీకీ స్కాన్ ఉంటుంది. దారి తప్పిన పార్సిల్ సంగతి ఆరా తీస్తే, చాలాసార్లు పెట్టె మీద రాసిన అడ్రసులోనో, లోపల సర్దిన తీరులోనో, ఎక్కడో పడేసిన రసీదులోనో కారణం బయటపడుతుంది. ఇవన్నీ పంపేవాళ్ళ చేతిలో ఉన్నవే. అందుకే ఇందులో ఎక్కువ చోటు కౌంటర్ దగ్గరికి వెళ్ళకముందు చేసుకోవాల్సిన పనులకే ఇచ్చాను.

మొదటి మెట్టు: ఏ సేవలో పంపాలి

కౌంటర్ దగ్గర చాలామంది ఇంకా "రిజిస్టర్ పోస్టు చెయ్యండి" అనే అడుగుతారు. 2025 సెప్టెంబర్ 1 నుంచి దేశం లోపల రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు. అంటే ఆ భద్రత పోయిందని కాదు. స్పీడ్ పోస్టు చేస్తూ "రిజిస్ట్రేషన్ కూడా కావాలి" అని అడగాలి. దానికి 5 రూపాయలు, పైన జీఎస్టీ. అప్పుడు కవరు మీద ఎవరి పేరుందో ఆ మనిషికో, ఆ మనిషి రాతపూర్వకంగా అధికారమిచ్చిన వాళ్ళకో మాత్రమే ఇస్తారు. ఓటీపీ చెబితేనే ఇచ్చే ఏర్పాటూ ఉంది, దానికీ 5 రూపాయలూ జీఎస్టీనే. సర్టిఫికెట్లు, కోర్టు నోటీసులు, ఇంటి పత్రాలు పంపేవాళ్ళు ఈ రెండింటిలో ఒకటి తప్పకుండా తీసుకోవాలని నా అభిప్రాయం. ఒరిజినల్ డిగ్రీ పట్టా వాచ్‌మన్ టేబుల్ మీద పడి ఉందంటే వచ్చే టెన్షన్ ముందు ఆ కొద్ది రూపాయలు లెక్కలోవి కావు.

కాగితాలకి స్పీడ్ పోస్టు ధరలు 2025 అక్టోబర్ 1న మారాయి. 50 గ్రాముల లోపు కవరు నగరంలోనే అయితే 19 రూపాయలు, బయటి ఊరు ఎంత దూరమైనా 47. బరువు 51 నుంచి 250 గ్రాముల మధ్య ఉంటే దూరాన్ని బట్టి మారుతుంది: నగరంలో 24, శ్రీకాకుళం లాంటి 200 కిలోమీటర్ల లోపు ఊళ్ళకి 59, విజయవాడకి 63, ఢిల్లీకి 72. వీటన్నిటికీ జీఎస్టీ అదనం. విద్యార్థులకి పది శాతం తగ్గింపు ప్రకటించారు కాబట్టి కాలేజీ ఐడీ కార్డు జేబులో పెట్టుకుని వెళ్ళండి, అడిగి చూడండి.

సామాను పంపితే ఈ పట్టిక వర్తించదు, పార్సిల్ ధరలు వేరు. అక్కడ రెండు దారులున్నాయి. తొందరగా చేరాలంటే స్పీడ్ పోస్టు పార్సిల్, 35 కిలోల దాకా తీసుకుంటారు. నాలుగు రోజులు ఆలస్యమైనా ఫరవాలేదు, ఖర్చు తగ్గితే చాలనుకుంటే రైలు, రోడ్డు మీద వెళ్ళే మామూలు పార్సిల్. ఆవకాయ, అప్పడాలు, బట్టలు లాంటి వాటికి రెండోదే చాలు. కౌంటర్‌లో రెండు ధరలూ అడిగి తేల్చుకోండి. అడగకపోతే చాలామందికి స్పీడ్ పోస్టే కట్టేస్తారు.

పుస్తకాలు పంపేవాళ్ళు జ్ఞాన్ పోస్ట్ పేరు గుర్తుపెట్టుకోవాలి. 2025 మే 1న మొదలైంది. పాఠ్యపుస్తకాలు, పోటీ పరీక్షల పుస్తకాలు, సాహిత్య, ఆధ్యాత్మిక గ్రంథాలు ఇందులో వెళ్తాయి. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా వెళ్ళినా 100 రూపాయలు, పైన పన్ను. ట్రాకింగ్ కూడా ఉంటుంది. గ్రూప్స్ పరీక్షకి తయారవుతున్న తమ్ముడికి ఊళ్ళోకి పుస్తకాల కట్ట పంపాలంటే ఇంతకన్నా చవక దారి లేదు. పుస్తకం మీద ప్రచురణకర్తదో ముద్రాపకుడిదో పేరుండాలి. ప్రకటనలతో నిండిన పుస్తకాలు ఇందులో చెల్లవు.

రెండో మెట్టు: పెట్టెలో పెట్టకూడనివి

పటాసులు, పెట్రోలు, పెయింటు, స్పిరిట్ లాంటి మండే వస్తువులు, ఆమ్లాలు, మత్తు పదార్థాలు కుదరవని అందరికీ తెలుసు. తెలియక పెట్టేవి వేరే ఉన్నాయి. సెంటు సీసా, డియోడరెంట్ స్ప్రే, నెయిల్ పాలిష్, పవర్ బ్యాంకు, విడి లిథియం బ్యాటరీలు. స్పీడ్ పోస్టు విమానమెక్కే అవకాశముంది, అక్కడి తనిఖీలో ఇవి దొరికితే పార్సిల్ మొత్తం ఆగిపోతుంది. చీర మడతల్లో వెయ్యి రూపాయలు దాచి పంపే పద్ధతి మన పెద్దవాళ్ళకి ఉంది. ఆ పని అస్సలు చేయొద్దు. డబ్బు పంపడానికి ఫోన్లో యూపీఐ ఉంది, పోస్టాఫీసులోనే మనియార్డరు ఉంది.

ఎండుచేపల సంగతి చాలామంది అడుగుతారు. మత్స్యకార కుటుంబాల్లో బయటి ఊరి పిల్లలకి ఎండు నెత్తళ్ళు పంపడం మామూలే. వాసన బయటికొచ్చే ప్యాకెట్‌ని కౌంటర్‌లో తిప్పి పంపేస్తారు, అది న్యాయమే కూడా. అదే బ్యాగులో ఇంకొకరి పెళ్ళిపట్టు చీర ఉండొచ్చు. పూర్తిగా ఎండిన సరుకుని గాలి తీసి సీల్ చేయించి, పైన ఇంకో కవరు వేసి, ముందే కౌంటర్‌లో చెప్పి ఒప్పుకుంటేనే బుక్ చేయండి.

మూడో మెట్టు: సర్దడం

పెట్టె ఒక మనిషి చేతి నుంచి ఇంకో మనిషి చేతికి మెత్తగా వెళ్ళదు. బ్యాగులో పడుతుంది, బ్యాగు మీద బ్యాగు పడుతుంది, రైలు బోగీలోంచి బండి మీదకి దిగుతుంది. మీ పెట్టె మీద ఇరవై కిలోల పెట్టె కూర్చుంటుందనుకునే కట్టండి.

ఆవకాయ సంగతి వివరంగా చెబుతాను, ఎక్కువగా కారేది అదే. గాజు సీసా వద్దు. మూత గట్టిగా తిరిగే ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, పైన రెండు వేళ్ళ మందం ఖాళీ వదిలి నింపండి. వేడికి నూనె పొంగుతుంది, ఆ ఖాళీ లేకపోతే మూత సందుల్లోంచి దారి వెతుక్కుంటుంది. పైనూనె తగ్గించి పంపడం ఇంకా మంచిది. అక్కడ చేరాక నువ్వులనూనె కాచి చల్లార్చి పోసుకోమనండి. డబ్బా మూతి మీద పాలిథిన్ ముక్క పరిచి, దాని మీద మూత బిగించి, మూత చుట్టూ టేపు లాగి తిప్పండి. ఇప్పుడు డబ్బాని తలకిందులు చేసి ఒక పళ్ళెంలో రాత్రంతా ఉంచండి. తెల్లారి పళ్ళెం పొడిగా ఉంటేనే ముందుకెళ్ళండి. చుక్క కనిపించినా డబ్బా మార్చండి. తర్వాత డబ్బాని ఒక మందపాటి కవర్లో పెట్టి ముడేసి, ఆ మూటని ఇంకో కవర్లో పెట్టి మళ్ళీ ముడేయండి. మిఠాయి దుకాణాల్లో, పచ్చళ్ళమ్మే చోట్ల ప్యాకెట్లు సీల్ చేసే మిషను ఉంటుంది. డబ్బాకి బదులు మందపాటి ప్యాకెట్లో సీల్ చేయించి, దాన్ని ఇంకో ప్యాకెట్లో సీల్ చేయిస్తే ఇంకా భరోసా. బయట నూనె మరక కనిపించే పెట్టెను కౌంటర్‌లోనే ఆపేస్తారు.

మాడుగుల హల్వా లాంటివి అట్ట డబ్బాలో వస్తాయి, నెయ్యి అట్టకి ఊరుతుంది. వాటికీ ఒక ప్లాస్టిక్ కవరు తప్పనిసరి. ఏటికొప్పాక బొమ్మలకి వేరే జాగ్రత్త: లక్క పూత ఒకదానికొకటి రాసుకుంటే గీతలు పడతాయి. ప్రతి బొమ్మనీ విడిగా కాగితంలో చుట్టి, మెడ, చేతులు లాంటి సన్నటి భాగాల చుట్టూ కాగితం ఉండలు కట్టండి. అరకు కాఫీ పొడి, జీడిపప్పు వీటితో పేచీ లేదు, కవరు చిరగకుండా ఉంటే చాలు.

పెట్టె ఎంచుకునేటప్పుడు మన సముద్రపు గాలిని లెక్కలోకి తీసుకోవాలి. పల్చటి అట్ట విశాఖ తేమకి రెండు రోజుల్లోనే మెత్తబడుతుంది. కిరాణా కొట్టు ముందు పడేసిన పాత పెట్టె ఎండలో గట్టిగానే కనిపిస్తుంది, వానాకాలంలో మాత్రం మూలలు విడిపోతాయి. ఐదు పొరల అట్టపెట్టె కొనండి. పాత పెట్టె వాడక తప్పకపోతే, దాని మీదున్న పాత బార్‌కోడ్ స్టిక్కర్లన్నీ చింపేయండి, లేదా నల్ల మార్కర్‌తో పూర్తిగా కొట్టేయండి. ఆన్‌లైన్ ఆర్డర్ తాలూకు పాత స్టిక్కర్ ఉన్న పెట్టెలో పంపితే, ఊళ్ళవారీగా వేరుచేసే సార్టింగ్ దగ్గర స్కానర్ ఏ బార్‌కోడ్ చదవాలో తేలక పార్సిల్ పక్కన పడుతుంది.

లోపల ఖాళీ అంతా కాగితం ఉండలతో నింపి, మూసి, చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల కదిలిన చప్పుడొస్తే ఇంకా కాగితం కావాలి. టేపు మధ్య అతుకు మీద ఒకటి, రెండు చివర్ల అంచుల మీద ఒక్కోటి, అడుగున కూడా ఇలాగే. అడుగుని మర్చిపోయేవాళ్ళే ఎక్కువ, పెట్టె ఊడేది కూడా అక్కడే. మూసేముందు ఒక కాగితం మీద ఇద్దరి అడ్రసులూ ఫోను నంబర్లూ రాసి లోపల పెట్టండి. పైన రాత చెరిగిపోయినా, స్టిక్కర్ ఊడినా, పెట్టె తెరిచి చూసి దారిలో పెట్టడానికి అదొక్కటే ఆధారం.

పరిమాణం కూడా చూసుకోండి. పెద్దగా ఉండి తేలిగ్గా ఉండే పెట్టెకి తూకం బరువు మీద కాకుండా పరిమాణం మీద ధర పడుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించండి. 40, 30, 30 సెంటీమీటర్ల పెట్టె అయితే 7.2 కిలోల లెక్క వస్తుంది. లోపల రెండు కిలోల వడియాలే ఉన్నా అంతే. సరుకుకి సరిపడా పెట్టె వాడితే డబ్బు మిగులుతుంది, లోపల కదలడమూ తగ్గుతుంది.

నాలుగో మెట్టు: అడ్రసు

అడ్రసులో ఒక్కటే సరిగ్గా రాయడానికి టైముందంటే, పిన్‌కోడ్ రాయమంటాను. సార్టింగ్‌లో పార్సిల్‌ని నడిపించేది అదే. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ ఆరంకెల లెక్కలో మొదటి అంకె ప్రాంతం. 5 అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక. మొదటి మూడంకెలు సార్టింగ్ జిల్లా, చివరి మూడూ బట్వాడా చేసే పోస్టాఫీసు. మన నగరానికి 530. పాతనగరంలోని హెడ్ పోస్టాఫీసు 530001, ఆంధ్రా యూనివర్సిటీ 530003, ఎంవీపీ కాలనీ 530017, గాజువాక 530026. అనకాపల్లికి వెళ్తే 531001.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు వచ్చాయి. జిల్లా పేరు పాతదా కొత్తదా అని బెంగ పడక్కర్లేదు, పిన్‌కోడ్‌లు జిల్లాలతో పాటు మారలేదు. పిన్ సరిగ్గా ఉంటే పార్సిల్ సరైన పోస్టాఫీసుకే వెళ్తుంది. మీకు తెలిసిన పిన్ పక్క కాలనీదేమో అన్న అనుమానముంటే పోస్టల్ శాఖ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోండి. పక్క పిన్ రాస్తే పార్సిల్ పక్క పోస్టాఫీసు చూసి, అక్కడ తప్పని తేలి, మళ్ళీ తిరుగు ప్రయాణం కడుతుంది.

మిగతా అడ్రసు పోస్ట్‌మ్యాన్ కోసం. ఎంవీపీ కాలనీ అయితే సెక్టారు నంబరు, ద్వారకా నగర్ అయితే ఎన్నో లైనో, అపార్ట్‌మెంట్ అయితే ఫ్లాటు, బ్లాకు, భవనం పేరు రాయాలి. విశాఖ డోర్ నంబర్లు గీతలతో మూడు ముక్కలుగా ఉంటాయి, ఒక ముక్క వదిలేస్తే వీధే మారిపోతుంది. తర్వాత ఒక గుర్తు: ఏ గుడి ఎదురుగా, ఏ స్కూలు వెనక. ఇద్దరి మొబైల్ నంబర్లూ తప్పనిసరి. తెలుగు రాష్ట్రాల లోపల తెలుగులో రాసినా నడుస్తుంది. బయటికి పంపేటప్పుడు ఇంగ్లిష్‌లో కూడా రాయండి. చెరగని మార్కర్‌తో రాసి, రాత మీద పారదర్శకమైన టేపు అతికించండి. వానాకాలంలో సిరా కారిపోయి పేరు మాత్రమే మిగిలిన పెట్టెలు నేను చూశాను.

"నుంచి" అడ్రసు చిన్నగా ఓ మూల గీకి వదిలేయొద్దు. అవతల తలుపు తాళమేసి ఉంటే పార్సిల్ తిరిగి రావాల్సింది ఆ అడ్రసుకే.

ఐదో మెట్టు: కౌంటర్ దగ్గర

నగరంలో ఏ సబ్ పోస్టాఫీసులోనైనా బుక్ చేయొచ్చు. పెద్ద పెట్టెలకి హెడ్ పోస్టాఫీసు నయం. రైల్వే స్టేషన్ వైపు రైల్వే మెయిల్ సర్వీస్ ఆఫీసుంది. పగలు ఆఫీసుకి సెలవు పెట్టలేని వాళ్ళు అక్కడి కౌంటర్ వేళలు కనుక్కుని పెట్టుకోవడం మంచిది. ఏ ఆఫీసైనా సాయంత్రం బ్యాగు కట్టేసే వేళ ఒకటుంటుంది. "ఈరోజు బ్యాగు ఎన్నింటికి వెళ్తుందండీ?" అని అడిగితే చెబుతారు. దానికి ముందు ఇస్తే ఆ రోజే బయల్దేరుతుంది, తర్వాత ఇస్తే రాత్రి అక్కడే నిద్ర. రాఖీకి, సంక్రాంతికి ముందు వారమంతా క్యూ ఉంటుంది. ఆ రోజుల్లో పొద్దున్నే వెళ్ళండి.

లోపల ఏముందని అడుగుతారు, నిజం చెప్పండి. విలువైనదైతే ఇన్సూరెన్స్ కావాలని మీరే అడగాలి. ఎందుకో చెబుతాను. ఇన్సూరెన్స్ లేని స్పీడ్ పోస్టు పోయినా పాడైనా వచ్చే పరిహారం, కట్టిన చార్జీకి రెట్టింపు లేదా 1000 రూపాయలు, ఏది తక్కువైతే అది. వంద రూపాయలు కట్టి పంపిన పట్టుచీర పోతే చేతికొచ్చేది రెండొందలే. పదివేల చీరకి ఇన్సూరెన్స్ తీసుకోకపోవడం నా దృష్టిలో పొదుపు కాదు.

డబ్బు యూపీఐతో కట్టొచ్చు, క్యూఆర్ కోడ్ చూపిస్తారు. రసీదు చేతికి రాగానే కౌంటర్ వదలకుండా మూడు చూడండి: పిన్‌కోడ్, చేరాల్సిన వాళ్ళ పేరు, బరువు. కంప్యూటర్లో పిన్ ఒక అంకె తప్పు కొట్టినా అక్కడికక్కడే సరిచేయించొచ్చు. పార్సిల్ బ్యాగులో పడ్డాక సరిచేయడం చాలా కష్టం. వెంటనే రసీదుకి ఫోటో తీసి అవతలి వాళ్ళకి వాట్సాప్‌లో పంపండి. ఆ రసీదు కాగితం మీద అక్షరాలు వేడికి, వెలుగుకి వెలిసిపోతాయి. పర్సులో నెలరోజులుంటే తెల్లకాగితమే మిగులుతుంది. చివరగా, పెట్టె మీద అంటించిన బార్‌కోడ్ నంబరూ రసీదు మీది నంబరూ ఒకటేనా అని ఒక్క చూపు.

విదేశాలకైతే ఇంకో రెండు పనులున్నాయి. గుర్తింపు కార్డు కాపీ, కస్టమ్స్ ఫారం. ఫారంలో "గిఫ్ట్" అని ఒక్క మాట రాసి వదిలేయకుండా ప్రతి వస్తువూ, దాని సంఖ్య, విలువ విడివిడిగా రాయాలి. "కాటన్ చీర, 1, 900 రూపాయలు" అన్నట్టు. తినే వస్తువుల మీద ఒక్కో దేశానికి ఒక్కో ఆంక్ష ఉంటుంది. అమెరికాకి 2025 ఆగస్టులో కొన్నాళ్ళు పార్సిళ్ళు ఆపి అక్టోబర్‌లో మళ్ళీ మొదలుపెట్టారు. అప్పట్నుంచి అక్కడి సుంకం ఇక్కడే ముందుగా కట్టించుకునే పద్ధతి వచ్చింది. కాబట్టి పోయినసారి ఎంతైందన్న లెక్క మీద ఆధారపడకుండా, పెట్టె కట్టకముందే ఒకసారి వెళ్ళి ధర, సుంకం రెండూ కనుక్కోండి.

ఆరో మెట్టు: ట్రాకింగ్ చదవడం

నంబరులో పదమూడు గుర్తులుంటాయి. ముందు రెండు ఇంగ్లిష్ అక్షరాలు, మధ్యలో తొమ్మిది అంకెలు, చివర భారతదేశానికి గుర్తుగా ఐఎన్. ఈ అమరిక ప్రపంచమంతా ఒకటే. మొదటి అక్షరం "ఇ" అయితే స్పీడ్ పోస్టు, "సి" అయితే పార్సిల్.

ఫోటోలో ఒక అంకె 1 లాగా 7 లాగా కనిపిస్తోందనుకోండి, తేల్చుకోవడానికి ఒక లెక్క ఉంది. తొమ్మిదో అంకె ముందున్న ఎనిమిదిటి నుంచి పుడుతుంది. ఎనిమిది అంకెల్ని వరసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో గుణించి కూడండి. మొత్తాన్ని 11తో భాగించి, మిగిలినదాన్ని 11లోంచి తీసేయండి. వచ్చినదే తొమ్మిదో అంకె. 10 వస్తే 0 అనీ, 11 వస్తే 5 అనీ తీసుకోవాలి. ఉదాహరణకి 12345678 తీసుకుంటే మొత్తం 204, శేషం 6, పదకొండులోంచి తీస్తే 5. కాబట్టి నంబరు 123456785 అవుతుంది. రెండు రకాలుగానూ వేసి చూస్తే సరైనది తేలిపోతుంది.

నంబరుని పోస్టల్ శాఖ సైట్, అంటే ఇండియాపోస్ట్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో గానీ, శాఖ సొంత డాక్ సేవ యాప్‌లో గానీ కొట్టి చూడండి. కౌంటర్లో మొబైల్ నంబరు ఇచ్చి ఉంటే మెసేజ్‌లు కూడా వస్తాయి. గూగుల్‌లో వెతికితే పైన కనిపించే ఏదో ఒక ట్రాకింగ్ సైట్ తెరిచి ఫోను నంబరు, కార్డు వివరాలు ఇవ్వొద్దు. ట్రాకింగ్‌కి నంబరు ఒక్కటే చాలు, పైసా కట్టక్కర్లేదు.

ఇక తెరమీది మాటలు. "బుక్డ్" అంటే కౌంటర్ దాటింది. "బ్యాగ్డ్" అంటే సంచిలో పడి సీలైంది. "డిస్పాచ్డ్" అంటే ఆ ఆఫీసు వదిలింది, "రిసీవ్డ్" అంటే తర్వాతి చోట దిగింది. ఆఫీసు పేరు చివర ఎన్‌ఎస్‌హెచ్ అని ఉంటే పెద్ద సార్టింగ్ కేంద్రం, పీహెచ్ అంటే పార్సిల్ హబ్, టీఎంఓ అంటే రైలుకో బస్సుకో బ్యాగులు మార్చే చోటు. ఎస్‌ఓ అంటే సబ్ పోస్టాఫీసు, బీఓ అంటే పల్లెలోని బ్రాంచి ఆఫీసు. బీఓ పేరు కనిపించిందంటే ఊళ్ళోకి వచ్చేసినట్టే.

రెండు స్కాన్ల మధ్య నిశ్శబ్దం ఉంటుంది, దానికే ఎక్కువమంది కంగారు పడతారు. సంచి రైల్లో ఉన్నంతసేపు లోపలి పార్సిల్‌ని ఎవరూ స్కాన్ చేయరు. విశాఖ నుంచి ఢిల్లీ వెళ్ళే సంచి ఒకరోజు పైన మూగగా ఉంటే అది మామూలే. ఆదివారం, పండగ సెలవు పడితే ఇంకో రోజు కలపండి. ఏజెన్సీ పల్లెల్లో సిగ్నల్ లేక బట్వాడా అయిన సంగతి సాయంత్రానికో మర్నాటికో తెరమీదకొస్తుంది. ముందు అవతలి వాళ్ళకి ఫోన్ చేసి కనుక్కోండి, అప్పటికే చేరి ఉండొచ్చు. స్పీడ్ పోస్టు మూడు పనిదినాలు ఒకేచోట కదలకుండా ఉంటే, మామూలు పార్సిల్ వారం దాటితే, అప్పుడు అడగడం మొదలుపెట్టాలి. ఇది నేను పాటించే లెక్క.

అక్టోబర్, నవంబర్ నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండం వార్త వచ్చిందంటే, ఆగగలిగిన పార్సిల్ ఇంట్లోనే ఉంచండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తాకినప్పుడు రైళ్ళు, విమానాలు, కరెంటు, ఫోన్లు అన్నీ ఆగిపోయిన ఊరు మనది. అలాంటి రోజుల్లో సంచి ఏ స్టేషన్‌లో తడుస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఏడో మెట్టు: గుమ్మం దగ్గర ఆగితే

"డోర్ లాక్డ్" అని పడితే, పార్సిల్‌ని సాధారణంగా ఏడు రోజులు బట్వాడా ఆఫీసులో ఉంచుతారు, తర్వాత వెనక్కి పంపేస్తారు. ఆ ఏడు రోజుల్లో గుర్తింపు కార్డు, ట్రాకింగ్ నంబరు పట్టుకుని వెళ్తే ఇచ్చేస్తారు. అయితే ఏ ఆఫీసుకి వెళ్ళాలో ట్రాకింగ్‌లో చూసుకోండి. ఇంటి పక్కనున్న పోస్టాఫీసులన్నీ బట్వాడా చేయవు, కొన్ని బుకింగ్ మాత్రమే చేస్తాయి. పొద్దున పోస్ట్‌మ్యాన్లు బీటుకి బయల్దేరకముందు వెళ్తే, మీ వీధి పోస్ట్‌మ్యాన్‌తోనే మాట్లాడొచ్చు. మర్యాదగా అడిగితే ఫోన్ నంబరు రాసుకుని, వచ్చేముందు కాల్ చేసేవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. ఎండలో, వానలో సంచి మోసే మనిషి ఆయన. గుమ్మం దాకా వచ్చిన మనిషికి గ్లాసుడు మంచినీళ్ళివ్వండి.

"ఇన్సఫిషియెంట్ అడ్రస్" అని పడితే ఆలస్యం చేయొద్దు, అదే రోజు బట్వాడా ఆఫీసుకి పూర్తి అడ్రసు, గుర్తు, ఫోన్ నంబరు అందించండి. మర్నాడు అడిగేసరికి పార్సిల్ తిరుగు సంచిలో పడిపోయి ఉండొచ్చు.

ఇదే పదాల్ని మోసగాళ్ళు కూడా వాడుతున్నారు. "మీ పార్సిల్ గోడౌన్‌కి వచ్చింది, అడ్రసు సరిగా లేదు, 24 గంటల్లో ఈ లింకులో సరిచేయండి" అని మెసేజ్ వస్తుంది. లింకు నొక్కితే పోస్టల్ శాఖ బొమ్మతో పేజీ తెరుచుకుని, ఇరవై, ముప్ఫై రూపాయలు కట్టమని కార్డు వివరాలు అడుగుతుంది. ఇది ఫేక్ అని కేంద్ర ప్రభుత్వ ఫ్యాక్ట్ చెక్ విభాగమే ప్రకటించింది. అలాంటి మెసేజ్‌లో ట్రాకింగ్ నంబరు ఉంటే దాన్ని అసలు సైట్‌లో కొట్టి చూడండి, లేకపోతే చెరిపేయండి. "మీ పేరు మీద పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి" అంటూ వీడియో కాల్‌లో పోలీసు వేషంతో బెదిరించేవాళ్ళూ ఉన్నారు. ఫోన్లో అరెస్టు చేసే చట్టం మన దేశంలో లేదు. డబ్బు పోతే ఆ గంటలోనే 1930కి ఫోన్ చేయండి. ఇంట్లో పెద్దవాళ్ళకి ఈ సంగతి తీరిగ్గా కూర్చోబెట్టి చెప్పండి, ఎక్కువగా మోసపోతున్నది వాళ్ళే.

ఫిర్యాదు చేయాల్సి వస్తే

వరస ఇది. ముందు బట్వాడా ఆఫీసు, లేదా పార్సిల్ చివరిసారి స్కానైన ఆఫీసు. అక్కడ తేలకపోతే 1800 266 6868, టోల్‌ఫ్రీ. ట్రాకింగ్ నంబరు, బుక్ చేసిన తేదీ, రెండు పిన్‌కోడ్‌లు చేతిలో పెట్టుకుని ఫోన్ చేయండి. శాఖ వెబ్‌సైట్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయొచ్చు. ఏ దారైనా ఫిర్యాదు నంబరు రాసుకోవడం ముఖ్యం, ఆ నంబరు లేకుండా తర్వాతి మెట్టు ఎక్కలేం. "డెలివర్డ్" అని ఉండి పార్సిల్ అందకపోతే, ఎవరికిచ్చారు, సంతకం ఎవరిదని రాతపూర్వకంగా అడగండి. తప్పు గుమ్మంలో ఇచ్చిన పార్సిళ్ళు ఈ ఒక్క ప్రశ్నతోనే దొరుకుతుంటాయి.

పెట్టె చినిగి వస్తే తెరవకముందే అన్నివైపులా ఫోటోలు తీసి, పోస్ట్‌మ్యాన్ ముందే తూకం తేడా గురించి అడగండి. ఇన్సూర్ చేసిన పార్సిల్ అయితే సీలు, కుట్టు ఎలా ఉన్నాయో చూసుకున్నాకే సంతకం పెట్టండి. వీలైతే బట్వాడా ఆఫీసులోనే తెరిపించండి.

టోల్‌ఫ్రీలో, శాఖ వెబ్‌సైట్‌లో కూడా జవాబు రాకపోతే కేంద్ర ప్రభుత్వ ప్రజా ఫిర్యాదుల పోర్టల్ ఉంది. 2024 ఆగస్టులో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం అక్కడ ఫిర్యాదు పరిష్కారానికి గడువు 21 రోజులు. పోస్టల్ శాఖనే ఎంచుకుని, మొదటి ఫిర్యాదు నంబరు, రసీదు ఫోటో, ట్రాకింగ్ పేజీ స్క్రీన్‌షాట్ జతచేయండి. రాసేటప్పుడు కోపం పక్కన పెట్టి తేదీల వరసలో నాలుగు వాక్యాల్లో తేల్చండి: ఎప్పుడు బుక్ చేశారు, చివరి స్కాన్ ఎక్కడ, ఎవరిని ఎప్పుడు అడిగారు, మీకేం కావాలి.